జమ్ము వేళ్ళ కింద సీసం

(ఫిబ్రవరి 2, చిత్తడి నేలల దినం నాడు నెల్లూరు జిల్లాలో ఒక చెరువు కింది ఊరి గ్రంథాలయంలో, వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలు మాట్లాడిన మాటలు. ఎదురుగా రైతులు, డ్వాక్రా మహిళలు, డిగ్రీ విద్యార్థులు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక అరుగు మీద కూర్చున్న అమ్మలకి వినిపిస్తోందా? మైకు ఇంకొంచెం ఇటు జరుపు నాయనా. ఆ, చాలు.

ఈ బల్ల మీద నాలుగు మొక్కలు పెట్టించాను. ఇది జమ్ము. ఇది గుర్రపుడెక్క. ఇది తూటికూర. మూడూ పొద్దున్నే మీ చెరువులో నుంచి పీకించినవి. నాలుగోది మీకు నేను చెప్పక్కర్లేదు, పక్క కయ్యలో నుంచి తెచ్చిన వరి దుబ్బు. వేళ్ళు కడగొద్దని పిల్లలకి గట్టిగా చెప్పాను. వాటికి పట్టుకున్న ఈ నల్లటి అడుసు, అందులో పేరుకునే సీసం లాంటి లోహాల గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది.

ముందు తూటికూర సంగతి. నా చిన్నప్పుడు మా వీధి చివర పాత బ్యాటరీలు పగలగొట్టే కొట్టు ఒకటుండేది. దాని వెనక ఒక గుంట. ఎండాకాలం కూడా తడి ఆరేది కాదు. ఆ గుంటలో తూటికూర మోకాలెత్తు పెరిగి నవనవలాడుతుండేది. మా అమ్మ సాయంత్రం పూట చాట తీసుకుపోయి చివుళ్ళు గిల్లుకొచ్చేది. పెసరపప్పు వేసి, వెల్లుల్లి తాలింపు పెట్టి వండితే మేం ఐదుగురు పిల్లలం గిన్నె నాకేవాళ్ళం. ఆకు ఎంత పచ్చగా ఉంటే అంత మంచిదని మా అమ్మ నమ్మకం. ఆమె తప్పేం లేదు. ఆకు చూసి మట్టిని పోల్చే చదువు ఆమెకి ఎవరు చెప్పారు? చాలా ఏళ్ళ తర్వాత, భార లోహాల పాఠం చెబుతూ బ్యాటరీ కొట్ల చుట్టూ ఉండే మట్టిలో సీసం పేరుకుంటుందని బోర్డు మీద రాస్తున్నాను. ఆ గుంట కళ్ళ ముందు కనపడింది. సుద్దముక్క చేతిలోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఈ విషయం నాకు పాఠంగా మిగల్లేదు, సొంత ఇంటి సంగతి అయింది.

మురుగు వేరు, లోహం వేరు. ఇది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. పేడ, ఆకు, చచ్చిన చేప, మరుగుదొడ్డి నీళ్ళు, ఇవన్నీ కుళ్ళుతాయి. కుళ్ళి మట్టిలో కలిసి ఎరువవుతాయి. సీసం కుళ్ళదు. కాడ్మియం కుళ్ళదు. పాదరసాన్ని కాల్చినా, పాతిపెట్టినా, నీళ్ళలో కలిపినా పాదరసమే. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగిపోయింది. ఆగి ఇన్నేళ్ళయినా, అప్పట్లో పొగ గొట్టాల్లోంచి రాలిన సీసం పెద్ద రోడ్ల పక్క మట్టిలో ఇంకా ఉంటుంది. దానికి పోయే దారి లేదు కాబట్టి.

మనలాంటి చోటికి ఇది ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత బ్యాటరీలు ఒకటి. రంగులు ఇంకొకటి. తళతళా మెరిసే పసుపు రంగు చాలాకాలం సీసం, క్రోమియం కలిసిన లెడ్ క్రోమేటే. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకి 90 పాళ్ళు దాటకూడదని 2016లో నిబంధన వచ్చి, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. చెరువుల్లో నిమజ్జనం చేసే విగ్రహాలకి విష రంగులు వాడొద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. బొగ్గు కాల్చిన బూడిదలో ఆర్సెనిక్, పాదరసం లాంటివి ఉంటాయి. ఫాస్ఫేట్ ఎరువులు రాతి ఫాస్ఫేట్ నుంచి వస్తాయి, ఆ రాయితోపాటే కొంచెం కాడ్మియం వస్తుంది. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల్లో గజ్జి తెగులుకి కొట్టే కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో ఉండేది రాగి. రాగి, జింకు మొక్కకీ మనకీ కొద్దిగా కావాలి కూడా. సీసం, కాడ్మియం, పాదరసం మాత్రం మన ఒంటికి ఒక్క రవ్వ కూడా అక్కర్లేదు.

ఇవన్నీ వానకి కొట్టుకుని పల్లానికి వస్తాయి. పల్లంలో ఉండేది చెరువు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగనాడు స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి, ముక్కూ మొహం తెలియని మనుషులు రొట్టెలు మార్చుకోవడం మీరందరూ చూసే ఉంటారు. చెరువంటే మనకి అంత నమ్మకం. ఒక్క సాగునీటి లెక్కతో చెరువుని చూడటం నాకు చేతకాదు. అందుకే చెరువు అడుగున ఏం పేరుకుంటోందో మనకి తెలియాలి అంటాను.

ఇప్పుడు ఈ అడుసు చూద్దాం. దగ్గరికి రా అమ్మాయ్, వాసన చూడు. ఎట్లా ఉంది? కుళ్ళిన కోడిగుడ్డు వాసన, అవునా? ఆ వాసనే మనకి కాపలాదారు.

నీళ్ళు నిలిస్తే మట్టిలోకి గాలి పోదు. మట్టిలో ఉండే సూక్ష్మజీవులకి మాత్రం ఊపిరి కావాలి. ప్రాణవాయువు అయిపోగానే అవి నైట్రేట్ మీద పడతాయి. అది అయిపోతే మాంగనీసు, ఆ తర్వాత ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్. సల్ఫేట్ దాకా వచ్చినప్పుడు పుట్టేదే ఆ గుడ్డు కంపు, సల్ఫైడ్. ఈ సల్ఫైడ్‌కి సీసం, కాడ్మియం, జింకు, రాగి కనపడితే చాలు, గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకుంటే అవి నీళ్ళలో కరగని పొడిగా మారిపోతాయి. కరగనిది వేరులోకి పోదు. అంటే నీళ్ళు నిలిచి, అడుసు నల్లగా ఉన్నంత కాలం ఈ లోహాలు చాలావరకు నిద్రలో ఉన్నట్టు. చెరువు ఎండగట్టినా, అడుసు తవ్వి ఎండలో పోసినా గాలి తగులుతుంది. సల్ఫైడ్ విడిపోతుంది, మట్టి పులుస్తుంది, అంటే ఆమ్లం పెరుగుతుంది. నిద్రపోతున్న లోహం లేచి కూర్చుంటుంది.

ఒక పట్నం పక్కన చెరువులో ఇలా అడుసు తవ్వి పోయడం నా కళ్ళతో చూశాను. ఊరి పేరు చెప్పను. దశాబ్దాల తరబడి పనిముట్ల కొట్లు, రంగుల కొట్ల మురుగు కలిసిన చెరువు అది. ఎండాకాలం పూడిక తీశారు. తీసిన మట్టి మంచి వొండ్రు కదా అని ట్రాక్టర్లతో చుట్టుపక్కల చేలకి తోలారు. మట్టి తోలే ముందు ఒక్క సంచి పరీక్షకి పంపండి అని నేనూ, నా విద్యార్థులు ఇద్దరూ తిరిగి తిరిగి అడిగాం. కాలయాపన అన్నారు. చెరువు మట్టి చేలకి తోలడం మన పెద్దల నుంచి వచ్చిన మంచి పని. దాన్ని నేను తప్పు పట్టను. పట్నం మురుగు కలవని చెరువు మట్టి నేటికీ బంగారమే. కానీ మా తాతల కాలంలో చెరువులోకి వచ్చింది అడవి ఆకు, మేకల ఎరువు. ఇప్పుడు వస్తున్నది వేరు. చెరువు మారింది, మన అలవాటు మారలేదు.

సరే, జమ్ము దగ్గరికి వద్దాం. ఆ చాకు ఇలా ఇవ్వు. కాడని అడ్డంగా కోస్తున్నాను, చూడండి. లోపల తేనెపట్టులాగా గూళ్ళు గూళ్ళుగా ఖాళీలున్నాయి కదా. నీళ్ళ పైన ఉన్న ఆకు ఈ గూళ్ళలో నుంచి గాలిని కిందికి, వేళ్ళ చివరిదాకా పంపుతుంది. వేరు వాడుకోగా మిగిలిన గాలి పక్కనున్న అడుసులోకి కారుతుంది. దాంతో వేరు చుట్టూ వెంట్రుకవాసి మందాన ఉన్న మట్టిలో ఇనుము తుప్పు పడుతుంది. ఇదిగో, కడిగి చూపిస్తాను. ఎర్రగా, ఇటుక రంగులో పొర కనపడుతోందా? వరి వేరుకి కూడా ఉంటుంది. నారు పీకేటప్పుడు మీ చేతివేళ్ళకి అంటుకునే ఎరుపు ఇదే. ఈ తుప్పు పొర లోహాలని దారిలోనే పట్టి ఆపుతుంది. ముఖ్యంగా ఆర్సెనిక్‌ని.

పొర దాటి లోపలికి వచ్చినదాన్ని కూడా జమ్ము పైకి పోనివ్వదు. వేరు కణాల గోడల్లో కట్టేస్తుంది. కొన్నిటిని చిన్న చిన్న ప్రొటీను ముక్కలతో చుట్టి, కణం లోపలి సంచిలోకి తోసి మూత పెడుతుంది. అందుకని లోహం కలిసిన మట్టిలో పెరిగిన జమ్ముని కోసి కొలిస్తే వేళ్ళలో ఎక్కువ, ఆకుల్లో చాలా తక్కువ ఉంటుంది. కిక్కస గడ్డి కూడా దాదాపు ఇంతే. ఇది దాని బతుకు తెలివి. ఆకులో విషం చేరితే ఎండని అన్నంగా మార్చుకునే పని ఆగిపోతుంది కదా.

ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది. పత్రికల్లో, సభల్లో ఒక మాట వింటుంటాను. జమ్ము నాటండి, గుర్రపుడెక్క వదలండి, అవి విషాన్ని తినేస్తాయి, రెండేళ్ళలో నేల శుభ్రం అని. నాకు చాలా బాధ కలిగించే మాట ఇది. ఎందుకో ఒక చిన్న లెక్క చూద్దాం. అంకెలు లెక్క కోసం నేను అనుకుంటున్నవే, ఏ చెరువులోనూ కొలిచినవి కావు.

ఎకరం నేలలో పైన జానెడు లోతు మట్టి సుమారు వెయ్యి టన్నులు తూగుతుంది. కిలో మట్టికి 100 మిల్లీగ్రాముల సీసం ఉందనుకోండి. అంటే టన్నుకి 100 గ్రాములు. ఎకరానికి 100 కిలోల సీసం. ఏటా ఎకరానికి 6 టన్నుల ఎండు జమ్ము కోశామనుకుందాం. ఆకులో కిలోకి 10 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. 6 టన్నులకి 60 గ్రాములు. మొత్తం 100 కిలోలు బయటికి రావాలంటే ఎన్నేళ్ళు? ఎవరైనా చెప్పండి. ఆ, 1,600 ఏళ్ళకి పైన. 1,600 ఏళ్ళు వెనక్కి పోతే ఈ సీమని పల్లవులు ఏలుతున్న కాలం.

అంటే జమ్ము పనికిరాదనా? కానే కాదు. నేను చెప్పేది దానికి సరిగ్గా ఎదురు. జమ్ము నేలని ఊడ్చే చీపురు కాదు, కాపలా. మురుగు నీళ్ళు జమ్ములో నుంచి మెల్లగా పారితే మట్టి రేణువులు కిందికి దిగుతాయి. వాటికి అంటుకున్న లోహమూ దిగుతుంది. వేళ్ళు అడుసుని పట్టి ఉంచుతాయి, వరద వచ్చినా కొట్టుకుపోనివ్వవు. రాలిన ఆకు కుళ్ళి అడుసుని నల్లగా, సల్ఫైడుతో ఉంచుతుంది. జర్మనీలో కేటె సైడెల్ అనే శాస్త్రవేత్త 1950లలో నీటి మొక్కలతో మురుగు శుభ్రం చేసే ప్రయోగాలు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా కడుతున్న కృత్రిమ చిత్తడి మడులకి అదొక మొదలు. ఆ మడుల్లో లోహం ఎక్కువగా ఆగేది అడుసులో. మొక్క ఆకులోకి ఎక్కేది అందులో కొద్ది భాగమే. అడుసులో ఆగినదాన్ని కదలకుండా చూసుకోవడమే మన పని.

లోహాన్ని నిజంగా ఆకులోకి తోడుకునే మొక్కలు లేకపోలేదు. న్యూ కాలిడోనియా దీవిలో ఒక చెట్టుంది, బెరడు గీస్తే నీలం కలిసిన ఆకుపచ్చ పాలు కారతాయి. ఆ పాలు ఎండబెడితే బరువులో నాలుగో వంతు దాకా నికెల్ ఉంటుంది. 2001లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఫెర్న్ ఆర్సెనిక్‌ని ఆకుల్లో విపరీతంగా పోగేస్తుందని కనిపెట్టారు. ఆ ఫెర్న్ మన దేశంలోనూ పాత గోడల పగుళ్ళలో మొలుస్తుంది. కానీ ఇది ఒక్కొక్క మొక్కకి ఒక్కొక్క లోహంతో ఉండే చుట్టరికం. సీసానికి మాత్రం అలాంటి నమ్మకమైన మొక్క దొరకడం కష్టం, ఎందుకంటే సీసం మట్టిని అంత సులభంగా వదలదు.

ఈ గుర్రపుడెక్క సంగతి వేరు. దీని వేళ్ళు మట్టిలో ఉండవు, నీళ్ళలో ఈకల్లా వేలాడుతుంటాయి. నీళ్ళలో కరిగిన లోహాన్ని పట్టడంలో దిట్ట. అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కాబట్టి నీళ్ళ శుభ్రానికి ఇది పనికొస్తుంది, కానీ తీసి పారేస్తేనే. తీయకపోతే చచ్చి, మునిగి, కుళ్ళి పట్టుకున్నదంతా మళ్ళీ చెరువుకే ఇస్తుంది. అది కుళ్ళేటప్పుడు నీళ్ళలో గాలి లాగేసి చేపల్నీ చంపుతుంది. పచ్చి మొక్కలో 100 కిలోలకి 95 కిలోల దాకా నీళ్ళే. తీసిన గుట్టని కట్ట మీదే పోస్తే మొదటి వానకే రసమంతా కారి చెరువులో పడుతుంది. నేను చూసిన చెరువుల్లో ఎక్కువ చోట్ల కట్ట మీదే పోస్తున్నారు. కంపోస్టు చేద్దామంటే ఆకు కుళ్ళి తరుగుతుంది, లోహం తరగదు, కిలోకి లెక్కేస్తే ఇంకా చిక్కబడుతుంది. కాల్చితే పాదరసం గాల్లోకి పోతుంది, సీసం బూడిదలో మిగులుతుంది. ఎండిన జమ్ముకి వేసవిలో నిప్పు పెడతారు చూడండి, మురుగు చెరువుల్లో ఆ పని దయచేసి చేయకండి.

ఇప్పుడు వరి. ఇది మన ప్రాణం కాబట్టి కాస్త నిదానంగా వినండి. సీసం వరి గింజ దాకా సాధారణంగా రాదు, వేళ్ళలోనే ఆగిపోతుంది. గింజ దాకా వచ్చేవి కాడ్మియం, ఆర్సెనిక్. ఇవి రెండూ ఎదురెదురు స్వభావాలు. నీళ్ళు నిలిపితే కాడ్మియం అణుగుతుంది, ఆర్సెనిక్ లేస్తుంది. ఎందుకంటే ఆర్సెనిక్ ఇనుప తుప్పుకి అంటుకుని ఉంటుంది, నీళ్ళు నిలిస్తే ఆ తుప్పు కరిగిపోతుంది. కయ్య ఆరగడితే ఆర్సెనిక్ అణుగుతుంది, కాడ్మియం లేస్తుంది. ఆరుతడి వరి అని మనం నీళ్ళు ఆదా చేస్తున్నాం, మంచిదే. కాడ్మియం కలిసిన నేలలో మాత్రం పొట్ట దశ నుంచి గింజ పాలుపోసుకునే దాకా ఆరగడితే గింజలో కాడ్మియం పెరుగుతుంది.

వరి వీటిని ఎందుకు రానిస్తుంది? కావాలని కాదు. వరికి సిలికా కావాలి. ఆకు గరుకుగా ఉండేదీ, చేను గాలికి పడిపోకుండా నిలబడేదీ దాని వల్లే. సిలికా కోసం వేరులో ఒక వాకిలి ఉంది. నీళ్ళు నిలిచిన మట్టిలో ఆర్సెనిక్ తీసుకునే రూపం సిలికాని పోలి ఉండి ఆ వాకిట్లో నుంచే దూరుతుందని 2008లో జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం చూపించింది. కాడ్మియం వచ్చేది మాంగనీసు కోసం తెరిచిన వాకిట్లో నుంచి. అదీ 2012లో ఆ బృందమే తేల్చింది. ఆ వాకిలి పనిచేయని వరి రకాన్ని కూడా జపాన్ వాళ్ళు తయారుచేసుకున్నారు. ఊక, ఊక బూడిద మళ్ళీ కయ్యలో వేస్తే సిలికా పెరిగి ఆర్సెనిక్‌కి చోటు తగ్గుతుంది. ఊకని మనం ఊరికే పారబోసే చోట ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

జపాన్ వాళ్ళు ఇంత పట్టుదలగా ఎందుకు వెతికారంటే, వాళ్ళు ఒకసారి చేతులు కాల్చుకున్నారు కాబట్టి. తొయామా ప్రాంతంలో జింజు అనే నది ఉంది. పైన జింకు గని. గని నీళ్ళలో కాడ్మియం. ఆ నీళ్ళు కింద వరి కయ్యలకి పారాయి. ఏళ్ళ తరబడి ఆ బియ్యం తిన్న ఆడవాళ్ళకి, ముఖ్యంగా నడివయసు దాటి నలుగురైదుగురు పిల్లల్ని కన్నవాళ్ళకి, ఎముకలు మెత్తబడి దగ్గితేనే విరిగేవి. నొప్పి, నొప్పి అని మూలిగేవాళ్ళట. ఆ జబ్బుకి పేరే ఇటాయ్-ఇటాయ్, అంటే వాళ్ళ భాషలో నొప్పి-నొప్పి. 1968లో అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. కలుషితమైన మట్టిని కిందికి పూడ్చి, పైన మంచి మట్టి పరచి ఆ కయ్యల్ని బాగు చేసుకునే పని 2012కి గానీ ముగియలేదు. కాడ్మియం మన మూత్రపిండాల్లో చేరితే సగం పోవడానికే పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళు పడుతుంది. మూడు పూటలా అన్నం తినే జాతి మనది. అందుకని నాకు ఈ కథ ఎప్పుడు చెప్పినా గొంతు పట్టేస్తుంది.

చిత్తడి నేలల్ని ఇంతసేపు మెచ్చుకున్నాను కాబట్టి వాటి చెడు కూడా దాచకూడదు. పాదరసం విషయంలో ఈ నల్ల అడుసు మనకి స్నేహితుడు కాదు. ఆ సల్ఫేట్ సూక్ష్మజీవులే పాదరసాన్ని మిథైల్ పాదరసం అనే ఇంకా విషపు రూపంగా మారుస్తాయి. అది నాచు నుంచి పురుక్కి, పురుగు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి కొరమీనుకి పోతూ ప్రతి మెట్టు దగ్గరా చిక్కబడుతుంది. జపాన్‌లోనే మినమాటాలో 1956లో బయటపడిన ఉపద్రవం చేపల్లో చేరిన మిథైల్ పాదరసం వల్లే. అందుకని పాదరసం కలిసే మురుగుని, అంటే పగిలిన థర్మామీటర్లు, ట్యూబులైట్ల చెత్తని, ఏ చిత్తడిలోకీ వదలకూడదు.

నేను ఆగుతాను. మీ ప్రశ్నలు అడగండి.

(ఒక రైతు: అమ్మా, మా కయ్యకి ఆ మురుగు కలిసిన కాలవ నీళ్ళే పారతాయి. ఇన్ని చెప్పారు. ఇంతకీ మా వడ్లు తినొచ్చా, తినకూడదా?)

పెదనాయనా, పరీక్ష చేయకుండా తినొచ్చని అన్నా తప్పే, తినొద్దని భయపెట్టినా తప్పే. మీ ఇంట్లో సాయిల్ హెల్త్ కార్డు ఉందా? ఉంది కదా. దాంట్లో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. సీసం లేదు, కాడ్మియం లేదు, ఆర్సెనిక్ లేదు. కార్డు బాగుందంటే నేల సారం బాగుందని అర్థం, విషం లేదని కాదు. మీ కయ్య మట్టి, మీ బియ్యం రెండూ విడిగా లోహాల పరీక్షకి పంపాలి. బియ్యానికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు కిలోకి 0.4 మిల్లీగ్రాముల కాడ్మియం, పాలిష్ పట్టిన బియ్యంలో అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు. చీటీ చేతికొచ్చాక ఈ అంకెలతో పోల్చి చూద్దాం. అప్పటిదాకా ఒక్క పని చేయండి. కాలవ నీళ్ళు నేరుగా కయ్యలోకి కాకుండా, ముందు మూల మడిలో జమ్ము ఉన్న చోట నిలిపి, తేరుకున్నాక వదలండి. ఆ మూల మడిలో వరి వేయకండి.

(వెనక వరసలో ఒకరు: మాది కందుకూరు పక్క. పొగాకు వేస్తాం. దానికీ ఇది వర్తిస్తుందా?)

బాగా అడిగారు. ఆకులోకి కాడ్మియం తోడుకోవడంలో పొగాకు పేరు మోసిన మొక్క. వేరులో ఆపుకోదు, ఆకుకి పంపేస్తుంది. మనం అమ్మేది ఆకే. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కాడ్మియం తాగనివాళ్ళకన్నా ఇంచుమించు రెట్టింపు ఉండేది అందుకే. మట్టి పులిస్తే ఈ తోడకం పెరుగుతుంది. ఎరువుల సంగతిలో, ఫాస్ఫేట్ అవసరాన్ని మించి చల్లకండి, అది ఖర్చుకీ మంచిది కాదు, దీనికీ మంచిది కాదు.

(ఒక డ్వాక్రా మహిళ: గుర్రపుడెక్క కాడలతో బుట్టలు అల్లడం నేర్పుతామని చెప్పారమ్మా. చేతులకి ఏమన్నా అవుతుందా?)

కాడ, ఆకు కన్నా వేళ్ళలోనే లోహం ఎక్కువ తల్లీ. వేళ్ళు చెరువు దగ్గరే కోసేసి, కట్ట మీద పడేయకుండా ఒక సంచిలో వేరుగా పెట్టండి. కాడలు మంచి నీళ్ళలో కడిగి ఎండబెట్టుకోండి. అల్లేటప్పుడు నోటితో తడపకండి, అది మన ఆడవాళ్ళకి అలవాటు. అల్లిన చేతులు కడుక్కోకుండా పిల్లలకి ముద్దలు కలపకండి. పట్నం మురుగు కలిసే చెరువు కాకుండా మీ ఊరి చెరువు కాడలే తీసుకోగలిగితే ఇంకా మేలు. బుట్టలో వండిన అన్నం, పండ్లు పెట్టకుండా బట్టలకో, పూలకో వాడుకుంటే నాకు ఇంకా నిశ్చింత.

(ఒక విద్యార్థిని: మేడం, తూటికూర, పొన్నగంటికూర ఇక తినకూడదా?)

తినాలి. నేను ఇప్పటికీ తింటాను. తూటికూర తేట నీళ్ళు పారే కాలవ ఒడ్డుది అయితే కళ్ళకద్దుకుని తింటాను. మెకానిక్ షెడ్డు వెనక, బ్యాటరీ కొట్టు వెనక, ఆసుపత్రి కాలవ పక్కన మొలిచింది మాత్రం ఎంత లేతగా ఉన్నా గిల్లకండి. తూటికూర జమ్ము లాంటిది కాదు, లోహాన్ని వేరులోనే ఆపుకుంటుందని నమ్మడానికి లేదు. ఆకుకూర కడిగితే ఆకు మీది మట్టి పోతుంది, ఆకు లోపలికి పోయినది పోదు. ఉడికించినా పోదు. మీ అమ్మలు ఎక్కడ గిల్లుకొస్తున్నారో ఈ సాయంత్రం వెళ్ళి ఒకసారి అడగండి.

మంచిది. రేపు ఉదయం ఏడింటికి నమూనాలు తీయడానికి నాతో వచ్చే పిల్లలు చేతులెత్తండి. ఎనిమిది, తొమ్మిది. చాలు. మనం మూడు చోట్ల తీస్తాం. మురుగు కాలవ చెరువులో కలిసేచోట, నడిమధ్య, నిండిన నీళ్ళు పొర్లిపోయే కలుజు దగ్గర. ఒక్కొక్క చోట అడుసు, అక్కడి జమ్ము వేరు, జమ్ము ఆకు, తూటికూర వేర్వేరు సంచుల్లో. ఇనుప పార వద్దు, జింకు పూత పూసిన బకెట్ అసలే వద్దు, ఆ లోహమే పరీక్షలో కనపడుతుంది. ప్లాస్టిక్ గరిటెలు నేను తెస్తాను. వేళ్ళు బాగా కడగాలి, మట్టి రేణువు ఒక్కటి మిగిలినా వేరులో లోహం ఉన్నట్టు తప్పుడు లెక్క వస్తుంది. ఆకుని ఎండబెట్టి తూచాలి, పచ్చిగా తూచిన అంకె, ఎండుగా తూచిన అంకె పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సంచి మీద చోటు, తేదీ, ఆ రోజు నీళ్ళ లోతు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి చెరిగిపోతుంది. పెదనాయనా, మీరు కూడా మీ కయ్యలో నుంచి గుప్పెడు మట్టి, ఒక గిద్దెడు బియ్యం కట్టి తీసుకురండి. అదే పెట్టెలో పంపిద్దాం.